మొరం బాట, కాలువ గట్టు: హైదరాబాద్ చుట్టూ గ్రావెల్ సైక్లింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున బోడుప్పల్ నుంచి బయల్దేరి మధ్యాహ్నానికి మోకాళ్ళ దాకా ఎర్ర దుమ్ముతో తిరిగి వస్తాను. లిఫ్టులో కలిసినవాళ్ళు, ఆఫీసులో పక్క సీటువాళ్ళు, ఊళ్ళల్లో టీ కొట్టు దగ్గర కూర్చున్న తాతలు ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను.

అసలు గ్రావెల్ సైక్లింగ్ అంటే ఏమిటి? కంకర మీద తొక్కడమా?

కంకర కాదు, మొరం. ఈ తేడా తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. కంకర అంటే క్రషర్‌లో కొట్టిన రాయి. రోడ్డు వేస్తూ మధ్యలో ఆపేసిన చోట పరిచి ఉంటుంది. దాని మీద ఏ సైకిలూ సుఖంగా పోదు. మొరం అలా కాదు. మన హైదరాబాద్ చుట్టుపక్కల నేల కింద ఉన్నదంతా కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. అది ఎండకు, వానకు చివికి, పొడిపొడిగా రాలితే వచ్చేదే ఎర్రటి మొరం. పొలాలకు పోయే బండ్ల బాటలు, చెరువు కట్టలు, కాలువ గట్ల మీది దారులు ఎక్కువగా దీనితోనే వేస్తారు. ట్రాక్టర్లు నడిచి నడిచి గట్టిపడిన మొరం బాట చాలా తారురోడ్ల కంటే మెత్తగా సాగుతుంది.

ఇలాంటి బాటల కోసం చేసిన సైకిలే గ్రావెల్ బైక్. హ్యాండిల్ రోడ్ బైక్‌లా కిందికి వంగి ఉంటుంది. టైరు మాత్రం 38 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు. డిస్క్ బ్రేకులు, ఎత్తులు ఎక్కడానికి తేలిక గేర్లు, బురద ఇరుక్కోకుండా టైరుకూ ఫ్రేముకూ మధ్య కాస్త ఖాళీ. అంతే.

అది కొనకపోతే కుదరదా?

నిక్షేపంగా కుదురుతుంది. నేను మొదటి రెండేళ్ళు మామూలు హైబ్రిడ్ సైకిలు మీదే తిరిగాను. 35 మిల్లీమీటర్ల టైరు పట్టే సైకిలు ఏదైనా చాలు. ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, ఉంటే ఇంకా మంచిది. కాస్త బరువు, కాస్త నిదానం, కానీ గుంతల్లో భయముండదు.

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఏదులాబాద్ దగ్గర గడ్డి మోపులతో వచ్చే పాత నల్ల సైకిళ్ళు గుర్తొస్తాయి. పాల క్యాన్లు కట్టుకుని, ఒక చేత్తో గడ్డి పట్టుకుని, కాలువ గట్టు మీద నిటారుగా కూర్చుని తొక్కుకుంటూ పోతుంటారు. ఆ సైకిలు టైరు 28 ఇంటూ ఒకటిన్నర అంగుళాలు. అంటే వెడల్పు దాదాపు 40 మిల్లీమీటర్లు, ఇవాళ గ్రావెల్ టైరు పేరుతో అమ్ముతున్న కొలతే. ఈ బాటల మీద ఏ టైరు నడుస్తుందో ఇక్కడి రైతులకు ఎప్పుడో తెలుసు. వాళ్ళు ఎదురొస్తే గట్టు దిగి దారివ్వాల్సింది మనమే. వాళ్ళది బరువు, మనది సరదా.

మూసీ వెంట తొక్కుతారా? ఆ కంపులోనా?

ఎక్కువమంది ముక్కు మూసుకుని అడిగే ప్రశ్న ఇదే. నేను ఎక్కువ ఇష్టంగా జవాబు చెప్పేదీ దీనికే.

మూసీ మన నగరంలో పుట్టింది కాదు, ఇక్కడితో ఆగేదీ కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుడుతుంది. గండిపేటలో, అంటే ఉస్మాన్‌సాగర్ జలాశయంలో, ఆగుతుంది. లంగర్‌హౌజ్‌లో బాపూఘాట్ దగ్గర ఈసీని కలుపుకుంటుంది. నగరం మురుగంతా మోసుకుని నాగోల్, ప్రతాపసింగారం దాటి, యాదాద్రి భువనగిరి, సూర్యాపేట, నల్గొండ జిల్లాల పొలాలను తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మొత్తం సుమారు 240 కిలోమీటర్లు. చాదర్‌ఘాట్ వంతెన మీద నుంచి మనం చూసేది అందులో ఒక్క ముక్క.

వాసన మాట నిజమే. పీర్జాదిగూడ నుంచి ఘట్‌కేసర్ వరకు నదికి ఇరువైపులా పచ్చగా కనిపించేది చాలాచోట్ల గడ్డి. నగరంలోని గేదెల కోసం మురుగునీటితో పెంచుతారు. అక్కడ గాలి బరువుగా ఉంటుంది. కత్వల దగ్గర, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల దగ్గర, నీళ్ళు దూకే చోట తెల్లటి నురగ గుట్టలుగా లేస్తుంది. మన ఇళ్ళల్లోంచి వెళ్ళిన సబ్బు, డిటర్జెంటు నీళ్ళే అవి. గాలి కలిసి అలా పొంగుతాయి. మొదటిసారి దాన్ని చూసినప్పుడు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మా ఇంటి బట్టలు ఉతికిన నీళ్ళు కూడా అందులో ఉన్నాయి కదా అనిపించింది. దిగువకు పోయేకొద్దీ వాసన తగ్గుతుంది. వరిపొలాలు మొదలవుతాయి. ఆ నీటితోనే అక్కడ రెండు పంటలు పండుతున్నాయి. ఆ నీటి గురించే అక్కడివాళ్ళు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటున్నారు కూడా. రెండూ నిజాలే. ఆ గట్టు మీద సైకిలు తొక్కేవాళ్ళు రెండూ చూడాలని నా కోరిక.

జాగ్రత్తల మాటకొస్తే, మూతి మీద మూత ఉన్న వాటర్ బాటిల్ వాడండి. చక్రం చిమ్మిన చుక్కలు నేరుగా బాటిల్ నోటి మీద పడతాయి. బురద మీదికి రాకుండా మడ్‌గార్డులు పెట్టించండి. చేతులు కడుక్కోకుండా ఏదీ తినవద్దు. పడి గీరుకుపోతే ఆ కాలువ నీళ్ళతో కడగొద్దు, మీ తాగునీళ్ళు వాడండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు పెట్టుకోండి.

తొలిసారి వెళ్ళడానికి ఏ దారి మంచిది?

ఉప్పల్ నుంచి వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్, అక్కడి నుంచి ఏదులాబాద్ చెరువు, తిరిగి ఇంటికి. హైవే ముక్క తెల్లారకముందే, లైట్లు వేసుకుని దాటేయండి. ఏదులాబాద్ కట్ట మీద నిలబడి సూర్యోదయం చూడొచ్చు. చలికాలంలో నీటి మీద మంచు కమ్ముకుని ఉంటుంది. ఆ చెరువులోకి వచ్చేదీ మూసీ నీళ్ళే. మొత్తం నలభై, యాభై కిలోమీటర్లలో అయిపోతుంది. మొరం, తారు రెండూ తగులుతాయి. మీ టైర్లలో గాలి ఎంత ఉండాలో, మీ నడుము ఎంత తట్టుకుంటుందో తేలిపోతుంది.

అది అలవాటయ్యాక పోచంపల్లికి వెళ్ళండి. బీబీనగర్ వైపు నుంచి వస్తే రుద్రవెల్లి, జూలూరు మధ్య మూసీ మీద లోలెవల్ వంతెన ఉంది. దాన్ని దాటితే పోచంపల్లి మండలం. ఇక్కడ నదికి రెండు పక్కలా కాలువలున్నాయి. అవతల బీబీనగర్, భువనగిరి వైపు బునాదిగాని కాలువ. ఇవతల పిల్లాయిపల్లి కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ. కొన్ని చోట్ల గట్టు మీద నిర్భయంగా తొక్కుకుంటూ పోవచ్చు, కొన్ని చోట్ల సర్కారు తుమ్మ కమ్మేసి ఉంటుంది. పని జరుగుతున్న చోట మట్టికుప్పలుంటాయి. కిలోమీటరు వెనక్కి వచ్చి ఊళ్ళోంచి పోవాల్సి రావచ్చు. దానికి సిద్ధపడే వెళ్ళాలి.

పోచంపల్లిలో ఆగకుండా రావద్దు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కాలినడకన ఇక్కడికి వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చారు. భూదానోద్యమం మొదలైంది ఈ ఊళ్ళోనే. వీధుల్లో పోతుంటే ఇళ్ళల్లోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. చిటికి కట్టిన, అంటే రంగు అద్దడానికి ముడులు వేసిన, నూలు కట్టలు ఆరేసి ఉంటాయి. సైకిలు గోడకు ఆనించి, అడిగి లోపలికి వెళ్తే పని చూపిస్తారు. బురద బూట్లు మాత్రం గుమ్మం బయటే విప్పండి.

గట్టు మీద తొక్కడానికీ రోడ్డు మీద తొక్కడానికీ తేడా ఏముంటుంది?

వాలు. నీళ్ళు తమంతట తాము పారాలి కాబట్టి పెద్ద కాలువలను కిలోమీటరుకు మీటరు కన్నా తక్కువ వాలుతో తవ్వుతారు. కొండ అడ్డొస్తే ఎక్కరు, చుట్టి వస్తారు. లోయ అడ్డొస్తే దాని మీదుగా తొట్టిలా కట్టి నీళ్ళను దాటిస్తారు. అందుకే గట్టు మీది దారిలో ఎక్కడమూ ఉండదు, దిగడమూ ఉండదు. మ్యాపులో రెండు ఊళ్ళ మధ్య ఎనిమిది కిలోమీటర్లుంటే గట్టు మీద పన్నెండు అవుతుంది. కానీ ఆ పన్నెండూ ఒకే లయలో పోతాయి.

దిగడం లేదంటే విశ్రాంతీ లేదన్నమాట. రోడ్డు మీద దిగుడు వస్తే కాళ్ళు ఆపి కూర్చుంటాం. ఇక్కడ పెడల్ ఆపితే సైకిలు ఆగుతుంది. నలభై కిలోమీటర్ల గట్టు తొక్కినవాళ్ళకు కాళ్ళ కన్నా ముందు కూర్చునే చోటు నొప్పి పుడుతుంది. అరగంటకోసారి పెడల్స్ మీద లేచి నిలబడండి. గట్టు మీద చెట్టు నీడ కూడా తక్కువ. ఎదురుగాలి వస్తే అడ్డమేమీ ఉండదు. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా చూసుకుంటే హాయి.

కాలువలో దిగి ముఖం కడుక్కోవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఇంకేం మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు.

మట్టి కాలువ వేరు, సిమెంట్ లైనింగ్ చేసిన పెద్ద కాలువ వేరు. లైనింగ్ చేసిన కాలువ పక్కలు వాలుగా, నున్నగా ఉంటాయి. నీటి మట్టం దగ్గర నాచు పట్టి ఉంటుంది. కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పైకి నిశ్చలంగా కనిపించే నీళ్ళు లోపల ఒరవడిగా పోతుంటాయి. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ఒడ్డు ఎక్కలేక అలసిపోయి మునుగుతారు. ఒకరు జారితే కాపాడబోయి ఇంకొకరు పోవడం కాలువ గట్ల ఊళ్ళల్లో అందరూ విన్న కథే. సెల్ఫీ కోసం, బాటిల్ నింపుకోవడం కోసం, బూట్ల బురద కడగడం కోసం దిగవద్దు.

ఎవరైనా పడితే మీరు దూకకండి. తాడు, చీర, పంచె, చెట్టుకొమ్మ, ఏది దొరికితే అది అందించండి. మేం గుంపుగా వెళ్ళినప్పుడు ఒకరి బ్యాగులో పదిహేను మీటర్ల నైలాన్ తాడు ఉంటుంది. పెద్ద కాలువలకు అక్కడక్కడా మెట్లుంటాయి, పడినవాళ్ళను ప్రవాహం పోయే దిక్కుకే మెట్ల వైపు రమ్మని అరిచి చెప్పండి. ఎదురీదితే ఓపిక అయిపోతుంది.

వానాకాలంలో వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, నేల చూసుకుని. ఎర్ర చెలక నేలల్లో వాన వెలిసిన మర్నాటికి బాట గట్టిపడుతుంది. ఇంకా చెప్పాలంటే ఎండాకాలం కన్నా బాగుంటుంది, దుమ్ము లేవదు. నల్లరేగడి అలా కాదు. చేవెళ్ళ, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు బాటల్లో ఉన్నట్టుండి రేగడి వస్తుంది. తడిసిన రేగడి చక్రానికి పిండిలా అంటుకుంటుంది. పది చుట్లు తిరిగేసరికి టైరుకూ ఫ్రేముకూ మధ్య నిండిపోయి చక్రం బిగుసుకుపోతుంది. ఒక జులైలో శంకర్‌పల్లి దాటాక నేను బలవంతంగా తొక్కాను. బురదలో గడ్డి చుట్టుకుని వెనక గేరు చక్రం ఊచల్లోకి పోయింది, దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్ విరిగింది. కూరగాయలు తీసుకెళ్తున్న ఆటో ట్రాలీలో, టమాటా డబ్బాల మధ్య సైకిలు పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ డ్రైవరన్న పైసలు తీసుకోలేదు. అప్పటి నుంచి రేగడి కనిపిస్తే దిగుతాను, సైకిలు భుజానికెత్తుకుంటాను. బురద గోకడానికి చిన్న పుల్ల, విడి హ్యాంగర్ ఎప్పుడూ దగ్గరుంటాయి. ఎవరి సైకిలు హ్యాంగర్ వాళ్ళదే, ఒకదానిది ఇంకోదానికి సరిపోదు. సైకిలు కొన్న రోజే ఒకటి అదనంగా తీసుకోండి.

ఇంకో సంగతి, జంట జలాశయాలు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచేశాకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇప్పటికీ గట్టి వానలు పడితే వాటి గేట్లు ఎత్తుతారు. ఆ నీళ్ళు నగరం దాటి దిగువకు చేరాక రుద్రవెల్లి దగ్గర, ఇంకా కింద సంగెం భీమలింగం కత్వ దగ్గర లోలెవల్ వంతెనలు మునిగిపోతాయి, రాకపోకలు ఆపేస్తారు. పైన వాన వెలిసి ఆకాశం నీలంగా ఉన్నా కింద వంతెన మీద నీళ్ళు పారుతుండవచ్చు. గేట్లు ఎత్తారన్న వార్త వస్తే ఆ వారం మూసీ దాటే ప్రయాణం పెట్టుకోవద్దు. మోకాలి లోతే కదా అని ఎవరు చెప్పినా సరే.

ఏ నెలలు మంచివి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి. మార్చి నుంచి తెల్లవారుజామున అయిదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ఇల్లు చేరాలి. ఏప్రిల్, మే నెలల్లో ముంజల కోసం వెళ్తాను, దూరం కోసం కాదు.

అక్టోబర్ ఆఖరు నుంచి, మళ్ళీ యాసంగి కోతలప్పుడు, ఊరి రోడ్ల మీద వడ్లు ఎండబోస్తారు. రోడ్డుకు సగం వడ్లు, అంచున రాళ్ళు. వాటి మీద నుంచి తొక్కవద్దు. అది వాళ్ళ ఆర్నెల్ల కష్టం. రాత్రి అయితే నల్ల కవర్లు కప్పి ఉంటాయి, కనిపించవు, ఆ రాళ్ళకు తగిలి బైకులవాళ్ళు పడుతుంటారు. దుక్కుల కాలంలో కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) ఉన్న ట్రాక్టర్లు నడిచిన బాట గీతలు గీతలుగా చీరి ఉంటుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి.

టైర్లో గాలి ఎంత పెట్టాలి?

డెబ్బై కిలోల మనిషికి, 40 మిల్లీమీటర్ల టైరుకు, ట్యూబు ఉంటే 35 నుంచి 40 పీఎస్‌ఐ. ట్యూబ్‌లెస్ అయితే 30 చుట్టూ. ముందు చక్రానికి రెండు మూడు తక్కువ. రోడ్ సైకిలు అలవాటున్నవాళ్ళు గట్టిగా కొట్టేస్తారు. అప్పుడు మొరం మీది సన్నరాళ్ళ మీద సైకిలు గోళీల మీద నడిచినట్టు జారుతుంది. మలుపులో బ్రేకు వేయవద్దు, మలుపుకు ముందే వేసి వేగం తగ్గించుకోండి.

పంక్చర్లు ఎక్కువవుతాయా?

అవుతాయి. ఇక్కడ మన శత్రువులు ఇద్దరు: పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. చలికాలంలో గట్ల మీద ఎండి రాలి ఉంటాయి. కోసేసిన సర్కారు తుమ్మ కొమ్మలు బాటకు అడ్డంగా వేసి ఉంటే తొక్కకుండా సైకిలు ఎత్తి దాటించండి. ట్యూబ్‌లెస్ పెట్టుకుని లోపల సీలెంట్ (రంధ్రాలు మూసే ద్రవం) పోయించుకుంటే పల్లేరు బాధ దాదాపు తీరిపోతుంది. కానీ మన ఎండలకు సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి.

ఊళ్ళల్లో పంక్చర్ షాపులు మస్తుగా ఉంటాయి, మన సైజు ట్యూబు మాత్రం దొరకదు. రెండు ట్యూబులు, ప్యాచీలు, లివర్లు, గొలుసు కలిపే లింకు, అలెన్ కీలు తీసుకెళ్ళండి. వీటితో పాటు ఓ చిన్న ఇత్తడి అడాప్టర్. సన్నటి ప్రెస్టా వాల్వుకు దాన్ని తొడిగితే ట్రాక్టర్లకు గాలి పట్టే షాపులో కూడా మీ పని అయిపోతుంది. యాభై రూపాయలు పెట్టని ఆ చిన్న వస్తువు నన్ను ఎన్నిసార్లు ఇంటికి చేర్చిందో. టైరే చీలితే లోపల మడిచిన పది రూపాయల నోటో, జ్యూస్ డబ్బా అట్టముక్కో పెట్టి నెమ్మదిగా రావచ్చు.

దారి ఎలా వెతుకుతారు? అనుమతి అక్కర్లేదా?

ముందు రోజు రాత్రి ఉపగ్రహ చిత్రంలో కాలువ గీత పట్టుకుని చూస్తాను. సాధారణంగా రెండు గట్లలో ఒకటి వెడల్పుగా ఉంటుంది, అధికారుల జీపు పోవడానికి. ఆ పక్కే మన దారి. వాగు దాటే చోట నడవడానికి వీలుందా, దగ్గర్లో వంతెన ఎక్కడ అన్నవి గుర్తు పెట్టుకుంటాను. దారి గీత ఉండే జీపీఎక్స్ ఫైలు ఫోన్‌లో ముందే దించుకుంటాను, పొలాల మధ్య సిగ్నల్ పోతుంది.

ఇంతచేసినా చివరికి పనికొచ్చేది మనుషుల మాటే. "అక్కా, ఈ బాట ఎటు పోతది?" అని నాట్లేస్తున్నవాళ్ళను అడిగితే, మ్యాపులో లేని సంగతులు చెప్తారు. "ముంగట కత్వ కాడ తెగింది బిడ్డా, మైసమ్మ గుడి కాడికెళ్ళి తిరిగి పో" అని ఒక పెద్దమ్మ చెప్పకపోతే ఒకసారి చీకటి పడేదాకా తిరిగేదాన్ని. కాలువలకు నీళ్ళు వదిలే లష్కర్ కనిపిస్తే తప్పక పలకరించండి. వారబందీ (వంతులవారీగా నీళ్ళు వదలడం) ఎప్పుడు, ఏ తూము దగ్గర గట్టు కుంగింది, అన్నీ ఆయనకు తెలుసు.

కాలువ గట్లు నీటిపారుదల శాఖవి. ఊరివాళ్ళు నడిచే బాటలో మనం పోతే సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. వద్దంటే వాదించకుండా వెనక్కి రండి. పంపుహౌసులు, గేట్లు ఉన్న చోట ఫొటోలు తీయవద్దు. రిజర్వ్ ఫారెస్టు, మంజీరా అభయారణ్యం అయితే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. పొలం గట్టు మీద సైకిలు తొక్కడం మాత్రం తప్పు. గట్టు తెగితే మడిలో నీళ్ళు పోతాయి. ఇంకా భయపడాల్సిన మాట, అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ కరెంటు తీగలు పెడతారు. చట్టవిరుద్ధమైనా జరుగుతోంది. చీకట్లో బాట వదిలి చేలల్లోకి అడుగు పెట్టవద్దు.

కుక్కలు, పాములు?

కుక్క తరిమితే వేగం పెంచడం అందరూ చేసే తప్పు. మొరం మీద మీరు పడతారు, అది పడదు. ఆగండి, దిగండి, సైకిలును మీకూ దానికీ మధ్య ఉంచుకుని నడవండి. పది అడుగులు నడిస్తే చాలావరకు వెనక్కి పోతాయి. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో పారే నీళ్ళ కింద పావుగంట కడగండి. అదే రోజు దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి రేబిస్ టీకా మొదలుపెట్టండి, మిగతా డోసులు తప్పించవద్దు.

పాములు గట్టు మీద ఎండ కాచుకోవడానికి వస్తాయి. ఆగి దారివ్వండి. గడ్డిలో సైకిలు పడుకోబెట్టి పక్కనే కూర్చోవద్దు. కరిస్తే కోయవద్దు, కట్టు బిగించవద్దు, నడిపించవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. పెద్ద మర్రిచెట్ల కింద, వంతెనల కింద తేనెపట్టులుంటాయి, అక్కడ గోల చేయవద్దు.

ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్ళవచ్చా?

నేను వెళ్తాను. నాలుగైదుసార్లు గుంపుతో పోయి, దారి తెలిశాక, ఒంటరిగా మొదలుపెట్టాను. ఊళ్ళల్లో చూస్తారు, అడుగుతారు, "మీ ఆయనేడి?" అని కూడా అడుగుతారు. ఎక్కువసార్లు అది ఆరా మాత్రమే. నాకు ఇబ్బంది కలిగింది ఊళ్ళల్లో కాదు, నగరం అంచున, ఖాళీ వెంచర్ల దగ్గర, మందు తాగేవాళ్ళు కూర్చునే చోట్ల. ఆ ముక్క పొద్దున్నే దాటేస్తాను, సాయంత్రం అటు రాను. ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పెడతాను. బాత్రూముకు పెట్రోల్ బంకు, బస్టాండు, లేదంటే ఏదైనా ఇంట్లో ఆడవాళ్ళను అడగడమే. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. రెండుసార్లు అన్నం కూడా పెట్టారు.

తిండి, నీళ్ళు?

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు. ఎండలో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలుపుకోండి. అరటిపళ్ళు, పల్లీపట్టీ ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. పొద్దున ఏడు దాటితే ప్రతి మండల కేంద్రంలో ఇడ్లీ, బోండాలు వేడిగా ఉంటాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో గట్ల పక్కన సీతాఫలాలు. కల్లు మండువా దగ్గర ఎంత ప్రేమగా పిలిచినా, సైకిలు మీద ఉన్నప్పుడు చేతులు జోడించి వచ్చేస్తాను.

మూసీ అయిపోయాక ఇంకెక్కడికి?

నాకు బాగా ఇష్టమైనది మెదక్ దగ్గర ఘనపురం ఆనకట్ట. మంజీరా మీద 1905లో కట్టారు. ఏడుపాయల వనదుర్గమ్మ గుడికి దగ్గర. రెండు కాలువలు పోతాయి, మహబూబ్ నహర్, ఫతే నహర్. ఇక్కడి గట్లు, పాత తూములు, పక్కన వరి, ఆ నిశ్శబ్దం చూడాల్సిందే. మెదక్ దాకా కారులో సైకిలు వేసుకెళ్ళి, అక్కడి నుంచి తొక్కితే రోజులో అయిపోతుంది. ఏడుపాయల జాతరప్పుడు మాత్రం వద్దు. మంజీరా నీళ్ళు 1965 నుంచి మన నగరం తాగుతోంది. సంగారెడ్డి వైపు వెళ్తే, మన నల్లాలో వచ్చేది ఎక్కడిదో కళ్ళతో చూడవచ్చు.

నాగార్జునసాగర్ ఎడమకాలువ పెద్దది, లాల్ బహదూర్ కాలువ అంటారు. సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. అది లోతైన కాలువ. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ అక్కడ రెండింతలు. కొత్తవాళ్ళను నేను అటు తీసుకుపోను.

మూసీ వెంట పుట్టిన చోటు నుంచి చివరిదాకా తొక్కవచ్చా?

మూడు రోజులు పెట్టుకుంటే తొక్కవచ్చు. నది ఒడ్డునే అంతా దారి ఉండదు, ఊళ్ళ రోడ్లు, గట్లు కలుపుకుంటూ పోవాలి. మొదటి రోజు అనంతగిరి నుంచి శంకర్‌పల్లి మీదుగా గండిపేట, నగరంలో ఇంట్లో పడక. రెండో రోజు పోచంపల్లి దాటి సంగెం భీమలింగం కత్వ చూసుకుని, రాత్రికి బస కోసం భువనగిరి. మూడో రోజు అన్నిటికన్నా పొడుగు. సూర్యాపేట దగ్గర సోలిపేటలో మూసీ ప్రాజెక్టు, అక్కడి నుంచి మిర్యాలగూడ వైపు, సాయంత్రానికి వాడపల్లి. ఆ రోజు కాళ్ళు సహకరించకపోతే సూర్యాపేటలో ఆగి నాలుగో రోజు చేసుకోండి.

వాడపల్లిలో మీనాక్షీ అగస్త్యేశ్వరస్వామి గుడి ముందు నుంచి రేవులోకి దిగితే మూసీ కృష్ణలో కలిసే చోటు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణానికి బస్సు డ్రైవరుతో, కండక్టరుతో ముందే మాట్లాడుకోండి, సైకిలుకు విడిగా లగేజీ టికెట్ కొడతారు. ముందు చక్రం విప్పి, గొలుసు పక్క పైకి ఉండేలా డిక్కీలో పడుకోబెట్టండి.